టీచర్ చేతిలో బజర్

లోకంలో ఎవరైనా తెలియకనే ప్రశ్న వేస్తారు. బస్సెప్పుడొస్తుందని అడిగేవాడికి బస్సు సంగతి తెలియదు. కందిపప్పు కిలో ఎంత అని అడిగే మనిషికి ధర తెలియదు. ఒక్క బడిలోనే ఈ లెక్క తిరగబడుతుంది. ఆకు తన ఆహారం తాను ఎలా తయారుచేసుకుంటుందో సైన్స్ టీచర్‌కి తెలుసు. ఏళ్ల తరబడి తెలుసు. అయినా ఏటా అడుగుతూనే ఉంటుంది. అదీ తెలియనివాళ్లని ఏరి, లేపి, నిలబెట్టి మరీ అడుగుతుంది. జవాబు తెలిసినవాళ్లు తెలియనివాళ్లని ప్రశ్నించే ఈ వింత వ్యవహారంలోనే నా ఉద్యోగమంతా గడిచింది. జిల్లా పరిషత్ హైస్కూల్లో సైన్స్ చెప్పి రిటైరయ్యాను. అందుకని, ప్రశ్నలడిగేవాళ్లనే నిలబెట్టి ప్రశ్నలడిగే కార్యక్రమం ఒకటుందని తెలిసినప్పుడు నాకు కలిగిన ఆనందం అంత సాత్వికమైనదేమీ కాదు.

2018 మేలో న్యూజెర్సీలో మా అమ్మాయి వాళ్లింట్లో ఉన్నాను. మన ఇళ్లల్లో సీరియళ్లు మొదలయ్యే వేళకి అక్కడ చాలా ఇళ్లల్లో ‘జెపర్డీ’ అనే క్విజ్ పెట్టుకుంటారు. 1984 నుంచి దాన్ని నడుపుతూ వచ్చినాయన అలెక్స్ ట్రెబెక్. నలగని సూటు, తొణకని గొంతు, జవాబు తప్పయితే ‘అయ్యో’ అన్నట్టు కాస్త పక్కకి వాలే తల. ఆయన బడిలో పనిచేసి ఉంటే హెడ్మాస్టరు తప్ప మరొకటి అయ్యేవారు కారు. ఆ నెలలో టీచర్లకే ప్రత్యేకంగా పోటీ పెట్టారు. 2011లో మొదలైన టీచర్స్ టోర్నమెంట్ అది. పదిహేను మంది టీచర్లు, రెండు వారాల ఆట, గెలిచినవాళ్లకి లక్ష డాలర్లు. రోజుకి ముగ్గురు చొప్పున బల్లల వెనక నిలబడతారు. మొదటి ఐదు రోజుల్లో గెలిచిన ఐదుగురితోపాటు, ఓడినవాళ్లలో ఎక్కువ డబ్బు కూడబెట్టిన నలుగురిని కూడా సెమీఫైనల్‌కి పంపుతారు. తప్పినా మార్కులు బాగున్నాయని పైక్లాసుకి పంపడం మాకు కొత్త కాదు కాబట్టి, ఆ నియమం నాకు వెంటనే నచ్చింది.

‘బతకలేక బడిపంతులు’ అని మనవాళ్లు ఏనాడో తేల్చేశారు. దసరాకి పిల్లల చేత విల్లంబులు పట్టించి ఇల్లిల్లూ తిప్పిన పంతులుగారు అడిగిందీ కాసిని వరహాలే. అమెరికా పంతుళ్ల బతుకు మరోలా ఉంటుందనుకునేదాన్ని. ఆ ఏడాది ఫిబ్రవరిలో వెస్ట్ వర్జీనియా టీచర్లు, ఏప్రిల్‌లో ఓక్లహోమా టీచర్లు, ఆ వెంటనే ఆరిజోనా టీచర్లు జీతాల కోసం, బడి నిధుల కోసం పాఠాలు ఆపి వీధుల్లోకి వచ్చారు. ఎర్ర చొక్కాలు తొడుక్కుని శాసనసభల ముందు నిలబడ్డారు. ఆ వార్తలు ఇంకా చల్లారకముందే అదే టీవీలో ఈ టీచర్లు వరసగా వచ్చి బజర్లు పట్టుకున్నారు. జీతం పెంచమని అడిగితే రోజుల తరబడి జవాబు రాని చోట, ఏదో రాజు ఏ సంవత్సరంలో పోయాడో చెబితే అప్పటికప్పుడు వందల డాలర్లు. చూస్తుంటే నవ్వూ వచ్చింది, గుండె కలుక్కుమంది కూడా.

ఈ ఆట పుట్టుక వెనకే ఒక మాస్టారి కథ ఉంది. 1956 చివర్లో అమెరికా టీవీలో ‘ట్వంటీ వన్’ అనే క్విజ్‌లో చార్ల్స్ వాన్ డోరెన్ అనే యువకుడు ప్రత్యక్షమయ్యాడు. కొలంబియా యూనివర్సిటీలో ఇంగ్లీషు చెప్పేవాడు. తండ్రి మార్క్ వాన్ డోరెన్ పులిట్జర్ అందుకున్న కవి. అద్దాల గదిలో చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, నుదురు తుడుచుకుంటూ, పెదవి కొరుక్కుంటూ, కాసేపు ఆగి, ఇక రాదేమో అని జనం నిట్టూర్చే సమయానికి జవాబు చెప్పేవాడు. దేశం మురిసిపోయింది. మొత్తం 1,29,000 డాలర్లు గెలిచాడు. ‘టైమ్’ పత్రిక ముఖచిత్రమయ్యాడు. 1959 నవంబరులో అమెరికన్ కాంగ్రెస్ కమిటీ ముందు నిలబడి అసలు సంగతి చెప్పాడు: ప్రశ్నలూ జవాబులూ ముందే చేతికొచ్చేవి. ఎక్కడ తడబడాలో, ఎక్కడ ఆగాలో, ఏ ప్రశ్నని వదిలేసి మళ్లీ వెనక్కి రావాలో కూడా నేర్పించారు. ఆ తర్వాత యూనివర్సిటీ ఉద్యోగం పోయింది.

ఆ కథలో జనం డబ్బు గురించి గొడవపడ్డారు గాని, నాకు మాత్రం ఆ ఆగడం దగ్గరే మనసు నిలిచిపోతుంది. ఒక టీచరు ఆలోచిస్తున్నట్టు నటించాడు. పిల్లవాడు లెక్క చూసిరాసి, టీచరు దగ్గరకొచ్చేసరికి వేళ్ల మీద ఏదో లెక్కపెడుతున్నట్టు చేస్తాడే, అచ్చం అదే. క్లాసులో అలాంటివాణ్ణి చూపుతోనే పట్టేస్తాం. దేశం దేశమంతా పట్టుకోలేకపోయింది. ఎందుకంటే, ప్రశ్నకీ జవాబుకీ మధ్య మనిషి ముఖంలో జరిగే ఆ కదలికే క్విజ్‌లో అందరూ చూసేది. జవాబులు ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి.

ఆ కుంభకోణం తర్వాత క్విజ్ పేరెత్తితేనే టీవీవాళ్లు జంకారు. మెర్వ్ గ్రిఫిన్ అనే ఆయన విమానంలో భార్య జూలన్‌తో ఇదే మాట్లాడుతుంటే, ముందే జవాబులిచ్చారనే కదా రచ్చ, అయితే జవాబులే ఇచ్చేసి ప్రశ్నలు చెప్పమంటే పోలా అందావిడ. అక్కడికక్కడే 5,280 అనే అంకె చెప్పింది. దానికి ‘మైలుకి ఎన్ని అడుగులు?’ అన్నది సరైన ప్రశ్న. అలా ‘జెపర్డీ’ పుట్టి, 1964 మార్చి 30న ఎన్‌బీసీలో మొదలైంది. ఇప్పటికీ ఆటగాళ్లు తమ జవాబుని ప్రశ్న రూపంలోనే చెప్పాలి. మొదటి అంచెలో మరిచిపోతే గుర్తుచేస్తారు. రెండో అంచెలో ఆ దయ ఉండదు, డబ్బు పోతుంది. ‘పూర్తి వాక్యంలో చెప్పరా’ అని జీవితమంతా పిల్లల్ని సతాయించిన టీచర్లు ఆ నియమం దగ్గర తడబడితే చూడ్డానికి బాగుంటుంది.

అసలు పరీక్ష బజర్ దగ్గర. చేతిలో లావుపాటి పెన్నులాంటి మీట ఉంటుంది. ప్రశ్న తెరమీద కనబడుతూనే ఉంటుంది గనుక చదివేసి జవాబు సిద్ధం చేసుకోవచ్చు. కాని ప్రశ్న చదివేవారు చివరి అక్షరం పలికేదాకా మీట పనిచేయదు. చదవడం పూర్తయ్యాక ఒక మనిషి స్విచ్ వేస్తే బోర్డు పక్కన లైట్లు వెలుగుతాయి. ఇంట్లో చూసేవాళ్లకి అవి కనపడవు. లైటు వెలగకముందే ఎవరైనా నొక్కితే వాళ్ల మీటకి పావు సెకను తాళం పడుతుంది. ఆ పావు సెకనులో పక్కవాడు జవాబు ఎగరేసుకుపోతాడు. చాలాసార్లు ముగ్గురికీ జవాబు తెలుసు. అలాంటప్పుడు ఎవరికెంత తెలుసన్నది లెక్కలోకి రాదు, ఎవరు సరిగ్గా ఆగగలిగారన్నదే లెక్క. ప్రతి క్లాసులోనూ మొదటి బెంచీలో ఒకడుంటాడు. ప్రశ్న సగంలో ఉండగానే ‘టీచర్, టీచర్, నేను!’ అని చెయ్యి చాచి, సీట్లోంచి పైకి లేచిపోతుంటాడు. ఆ పిల్లవాడు పెద్దయి టీచరై వచ్చి ఇక్కడ నిలబడ్డాడేమో అనిపించేలా కొందరు మీటని టకటకా నొక్కుతూనే ఉన్నారు. ప్రశ్న పూర్తిగా వినమని తాము రోజూ చెప్పే మాటని ఇక్కడ ఒక లైటు వాళ్లకి చెబుతోంది.

మా మనవరాలు పక్కనే కూర్చుని చూసేది. “అమ్మమ్మా, నువ్వూ వెళ్లొచ్చుగా?” అంది ఒకరోజు.

“నాకు జవాబు గుర్తొచ్చేసరికి వాళ్లు ఫైనల్ కూడా ఆడేసి ఇళ్లకెళ్లిపోతారే.”

“ఓడిపోతే మళ్లీ క్లాసుకెలా వెళ్తారు? పిల్లలందరూ చూసేస్తారుగా!”

దాని బెంగలో న్యాయముంది. పైగా ఈ కార్యక్రమాన్ని చాలా ముందుగానే రికార్డు చేస్తారు. టీవీలో వచ్చేదాకా ఫలితం బయటపెట్టకూడదు. అంటే ఓడిన టీచరు ఆ గుట్టు కడుపులో దాచుకుని రోజూ క్లాసుకి వెళ్లాలి. పిల్లలు చుట్టూ మూగి అడుగుతుంటే పెదవి విప్పకూడదు. జవాబు తెలిసి కూడా చెప్పని మనిషిగా ఉండటం టీచర్లకి అలవాటేగాని, ఈసారి పిల్లలే ప్రశ్న వేస్తారు. తర్వాత ఒక సాయంత్రం ఆ పిల్లలంతా తమ టీచరు తెల్లమొహం వేయడం, తప్పు చెప్పి ఉన్న డబ్బు పోగొట్టుకోవడం చూస్తారు. నాకైతే అందులో అవమానం కనపడలేదు. టీచరుకి అన్నీ తెలుసన్న అపోహ ఐదో తరగతిలో పోతే ఒకరకంగా మంచిదే. తెలియనప్పుడు మనిషి ఎలా నిలబడాలో పిల్లలకి చూపించే పాఠం ఏ సిలబస్‌లోనూ లేదు.

తెలియడం విషయంలో మాత్రం వాళ్లు ఎవరికీ తీసిపోరు. 2012లో టీచర్ల పోటీ గెలిచిన కోల్బీ బర్నెట్ షికాగో దగ్గర హైస్కూల్లో చరిత్ర చెప్పేవాడు. మరుసటి ఏడాది ఛాంపియన్లందరినీ పోగేసి పెట్టిన పోటీలోనూ గెలిచి 2,50,000 డాలర్లు పట్టుకెళ్లాడు. 2021 డిసెంబరులో ఏకంగా ప్రొఫెసర్లకి పోటీ పెట్టారు. టీవీలో కూడా ప్రమోషన్లుంటాయన్నమాట.

టీచర్ల పోటీ మొదటిసారి జరిగింది 2011లో అన్నాను కదా, అదీ మే నెలలో. ఆ ఏడాది ఫిబ్రవరిలో అదే కార్యక్రమంలో ఇంకో సంగతి జరిగింది. ఐబీఎం తయారుచేసిన వాట్సన్ అనే యంత్రం, అంతకుముందు వరసగా 74 ఆటలు గెలిచిన కెన్ జెన్నింగ్స్‌నీ, ఇంకో ఛాంపియన్ బ్రాడ్ రటర్‌నీ ఓడించింది. బజర్ నొక్కడంలో దానికి పోటీ లేదు. తెలిసిందని లెక్క తేలితే చాలు, మీట పనిచేస్తుందన్న సంకేతం అందిన వెంటనే నొక్కేది. ఆత్రం లేదు, చేతులకి చెమట లేదు. కాని మొదటి ఆట ఆఖరి ప్రశ్నలో అమెరికా నగరం పేరు అడిగితే టొరంటో అంది. ఆ నగరం ఉన్నది కెనడాలో. సరైన జవాబు షికాగో. మనుషులిద్దరూ సరిగ్గానే రాశారు. ఆ తప్పు జవాబు పక్కన వాట్సన్ బోలెడు ప్రశ్నార్థకాలు తగిలించింది, పందెం కూడా 947 డాలర్లే కాసింది. తెలియదన్న సంగతి దానికి తెలుసు. ఆ ఒక్కచోటే నాకా యంత్రం మీద కొంచెం అభిమానం కలిగింది. యంత్రం గెలిచిన మూడు నెలలకే అదే ఆటకి టీచర్లు వచ్చి నిలబడ్డారు. అది యాదృచ్ఛికమే కావచ్చు. అయినా టపీమని జవాబు చెప్పడమే తెలివికి కొలత అయితే ఆ కథ ఫిబ్రవరిలోనే ముగిసిపోయింది, మేలో టీచర్లు రానక్కరలేదు.

సర్వీసులో ఉండగా ఒక వేసవి శిక్షణలో మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యావేత్త పేరు విన్నాను. 1970ల్లో ఆవిడ సైన్స్ క్లాసుల రికార్డింగులు విని, టీచరు ప్రశ్న వేశాక జవాబు కోసం ఎంతసేపు ఆగుతున్నదీ కొలిచింది. సగటున ఒక్క సెకను. ఆలోగా ఎవరూ పలకకపోతే టీచరు ఇంకొకరిని లేపడమో, ప్రశ్న మార్చడమో, విసుగొచ్చి తానే జవాబు చెప్పేయడమో జరిగేది. అదే మూడు సెకన్లు ఆగితే జవాబుల పొడవు పెరిగింది. మౌనంగా ఉండిపోయేవాళ్లు తగ్గారు. వెనకబడ్డవాళ్లనుకున్న పిల్లలు నోరు విప్పారు. అన్నిటికన్నా విచిత్రం, పిల్లలే ఎదురు ప్రశ్నలు వేయడం మొదలుపెట్టారు. ఆవిడ ఇంకో సంగతి కూడా కనిపెట్టింది. బాగా చదివే పిల్లల జవాబు కోసం టీచర్లు కాస్త ఎక్కువసేపు ఆగుతారు, రాదనుకున్న పిల్లల కోసం తక్కువసేపు ఆగుతారు. ఎవరికి ఎక్కువ సమయం కావాలో వాళ్లకే తక్కువ అందుతోంది.

శిక్షణలో ఆ మాట విన్నరోజు గదిలో ఉన్న టీచర్లమందరం తలలూపాం. మర్నాడు క్లాసులో మూడు సెకన్లు ఆగి చూసినవాళ్లకి అసలు కష్టం తెలిసింది. యాభై మంది పిల్లల ముందు మూడు సెకన్ల మౌనం చాలా పొడుగ్గా ఉంటుంది. ఫ్యాన్ చప్పుడు వినిపిస్తుంది. పక్క క్లాసులో వల్లెవేస్తున్న ఎక్కాలు వినిపిస్తాయి. హెడ్మాస్టరుగారు వరండాలో వెళ్తూ చూస్తే పాఠం ఆగిపోయిందనుకుంటారేమో అని లోపల పీకుతుంది. ప్రశ్న వేసి ఊరుకోవడమంటే చేతిలో సుద్దముక్క పట్టుకుని ఏ పనీ చేయనట్టు నిలబడటం. అదే అసలు పని అని మనకి మనమే నచ్చజెప్పుకోవాలి.

మన దగ్గర ఇది ఇంకా కష్టం. ఎంసెట్ అన్నా, ఇప్పటి పేరుతో ఈఏపీసెట్ అన్నా, మూడు గంటల్లో 160 ప్రశ్నలు. నిమిషం దాటితే ఆలస్యం. ఆ పరీక్షకి ఆరో తరగతి నుంచే తయారుచేసే కార్పొరేట్ బడులున్నాయి. అక్కడ ఆలోచించే పిల్లవాణ్ణి ‘స్లో’ అంటారు. మంచి పిల్లలు కూడా జవాబు ఏదో తేల్చుకోకముందే ఏది కాదో కొట్టేయడం నేర్చుకుంటారు. ఇళ్లల్లోనే అందరికీ బజర్లు పంచిపెట్టాం, లైటు వెలిగించే మనిషిని మాత్రం పెట్టుకోలేదు.

అలాగని మన సంస్కృతికి ఆగడం తెలియదంటే ఒప్పుకోను. అష్టావధానం చూసినవాళ్లకి తెలుసు. ఒక పృచ్ఛకుడు సమస్య ఇస్తాడు, ఇంకొకాయన దత్తపది ఇస్తాడు, మరొకాయన ఈ అక్షరం వాడొద్దని అడ్డుపడతాడు. మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన నిన్న మీ ఇంట్లో కూరేమిటని అడుగుతాడు. అవధాని ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదం చెప్పి ముందుకి వెళ్లిపోతాడు. మిగతా పాదాల కోసం సభంతా ఆగుతుంది. ఎవరికీ తొందర లేదు. ఆ ఎదురుచూపుకే చప్పట్లు. పైగా అక్కడ ప్రశ్న వేసేవాళ్లు కూడా పండితులే, అంటే మళ్లీ తెలిసే అడుగుతున్నారు. తెలిసినవాడు అడగడమూ, అడిగాక ఓపిగ్గా కూర్చోవడమూ రెండూ కలిసిన చోటు అదొక్కటే నాకు కనబడింది.

మళ్లీ ఆ 2018 టీచర్ల పోటీ దగ్గరికొస్తే, దాన్ని గెలిచింది కాన్సాస్ నుంచి వచ్చిన లారీ మార్టిన్ అనే ఐదో తరగతి టీచరు. మరుసటి జనవరిలో పాంక్రియాస్ కాన్సర్‌తో ఆయన కన్నుమూశారు. రెండు నెలలు తిరక్కుండానే ట్రెబెక్ తనకీ అదే జబ్బు ఉందని ప్రకటించారు. ఆ నవంబరులో ఛాంపియన్ల పోటీని మార్టిన్‌కి అంకితం చేశారు. ఆటగాళ్లు ఊదారంగు రిబ్బన్లు పెట్టుకుని ఆడారు. టీచర్ల పోటీ గెలిచినవాడిగా మార్టిన్ నిలబడాల్సిన వేదిక అది. ఆ పోటీ సెమీఫైనల్లో ధ్రువ్ గౌర్ అనే కాలేజీ కుర్రాడు ఉన్నాడు. ఆఖరి ప్రశ్నకి జవాబు రాయడానికి ముప్పై సెకన్లు ఇస్తారు, వెనక ఒక సంగీతం వినిపిస్తుంది. న్యూయార్క్ మురికివాడల పేదరికం మీద 1890లో వచ్చిన పుస్తకం పేరు గురించిన ప్రశ్న. ఆ కుర్రాడు ఆ ముప్పై సెకన్లలో జవాబు రాయలేదు. ‘మీరంటే మాకు ఇష్టం, అలెక్స్’ అన్న అర్థమొచ్చే మాట ప్రశ్న రూపంలో రాశాడు. ట్రెబెక్ దాన్ని పైకి చదువుతుంటే ఆ తొణకని గొంతు తొణికింది. కుర్రాడు పందెం కాసిన 1,995 డాలర్లు పోయి చేతిలో ఐదు మిగిలాయి. ఆట నియమం ప్రకారం అది తప్పు జవాబు. నేను పేపరు దిద్దితే ఎన్ని మార్కులేసేదాన్నో అని చాలాసార్లు ఆలోచించాను. సున్నా వేసి, పక్కన రెండు మాటలు రాసి, ఆ పేపరు తిరిగివ్వకుండా దాచుకునేదాన్నేమో.

మన వైపు కోటీశ్వరుల ఆటలో బజర్ లేదు. ఏదో ఒక అంచె దాటాక గడియారం కూడా ఉండదు. ఎంతసేపైనా ఆలోచించుకోవచ్చు, వద్దనుకుంటే అప్పటిదాకా గెలిచింది తీసుకుని వెళ్లిపోవచ్చు. 2021లో హిమానీ బుందేలా అనే ఆగ్రా లెక్కల టీచరు అలాగే ఆడింది. ఆవిడకి చూపు లేదు. తెరమీద ప్రశ్న కనబడదు, చదువుతుంటే పూర్తిగా వినాల్సిందే. కోటి రూపాయలు గెలిచింది. ఏడు కోట్ల ప్రశ్న అంబేడ్కర్ లండన్‌లో సమర్పించిన పరిశోధన గురించి. రాదని చెప్పి అక్కడ ఆగిపోయింది. తెలిసిన వాటికి కోటి వచ్చింది, తెలియదని వేళకి చెప్పగలిగింది కాబట్టి ఆ కోటి నిలిచింది.

ఇన్ని పోటీలు తలుచుకున్నాక, టీచర్లకి సొంతంగా ఒక పోటీ పెట్టాలని నాకూ ఒక ఊహ వచ్చింది. అందులో టీచరు జవాబు చెప్పకూడదు, చెప్పించాలి. ఎదురుగా వెనక బెంచీలో ఎప్పుడూ నోరు విప్పని ఒక పిల్లవాణ్ణి కూర్చోబెడతాం. టీచరు ప్రశ్న వేసి ఊరుకోవాలి. అందించకూడదు, మొదటి అక్షరం పలకకూడదు, పక్కపిల్ల వైపు చూడకూడదు. పిల్లవాడు తానై ఒక మాట అంటే, అది తప్పయినా సరే, వంద డాలర్లు. ఎదురు ప్రశ్న వేస్తే వెయ్యి. మనవరాలికి ఈ ఊహ చెబితే అది తీరిగ్గా ఆలోచించి, “బావుంది గాని అమ్మమ్మా, చూసేవాళ్లు ఛానెల్ మార్చేస్తారు” అంది. నిజమే, ఎవరూ మాట్లాడని మూడు సెకన్లని ఏ టీవీ కూడా భరించలేదు. ఆ పోటీ టీవీలో జరిగేది కాదు, బడిలోనే జరగాలి. అక్కడైతే దానికి లక్ష డాలర్లూ అక్కర్లేదు, ఇప్పుడిచ్చే జీతం నెల నెలా వేళకి ఇస్తే చాలు.